వేరే పేరు మీద

బయట యాభై డిగ్రీలు. ఫహాహీల్ సముద్రం
వార్చిన గంజిలా కదలకుండా పడి ఉంది.
లోపల నేను రెండు స్వెటర్లు వేసుకుని
మంచును నున్నగా చేసే బండి నడుపుతాను.
నవ్వకండి. నూట పది దినార్లిచ్చి
గీతలు చెరిపించుకుంటున్నారు నాతో, నాలుగేళ్లుగా.

అంతకుముందు మెట్‌పల్లిలో బోర్డులు రాసేవాణ్ణి.
"ఇచట పంక్చర్లు వేయబడును."
"అప్పు రేపు."
నా 'ఠ' చూడ్డానికి సైకిల్ దిగినవాళ్లున్నారు.
ఫ్లెక్సీలొచ్చాయి.
కుంచెలు కిరోసిన్ డబ్బాలోనే బిగుసుకుపోయాయి.

రాత్రి పదకొండు దాటాక, జనం వెళ్లిపోయాక,
జినైదా అర్కాద్యెవ్నా వస్తుంది.
డెబ్బై ఒకటో ఏడు.
పగలు పిల్లలకి పడకుండా నిలబడటం నేర్పుతుంది.
రాత్రి ఎవరికీ ఏమీ నేర్పదు.
ఒంటికాలి మీద, ఊపిరి బిగబట్టి, ఒక సున్నా.
దాన్ని ఆనుకుని ఇంకో సున్నా.
మళ్లీ అదే గీత మీద, వెంట్రుకవాసి తప్పకుండా.
ఆ తర్వాత సున్నాలకి తోకలు, కొమ్ములు, మెలికలు.

బండి దిగి వంగి చూశాను.
ఓయమ్మ, ఇది నా 'ఠ' కదా!
ఆ పక్కది వట్రుసుడి.
ఇదేమో బండి 'ఱ'.
నా బండి చెరపాల్సిన బండి 'ఱ'.

ఆమెకి తెలుగు రాదు, నాకు రష్యన్ రాదు.
ఇద్దరికీ అరకొరగా వచ్చిన అరబ్బీలో
ఆ రాత నేర్పినవాడి కథ చెప్పింది,
రాత్రికో పిడికెడు.

ప్లాటన్ యెగోరిచ్. తల్లికి తండ్రి.
గడియారాలు బాగుచేసేవాడి కొడుకు.
ఆ రోజుల్లో ఈ ఆటంటే గెంతడం కాదట,
రాయడమట.
నది గడ్డకట్టగానే కాలితో రాసేవాడట.
పెద్దమనుషులు టోపీలు తీసి, మోకాళ్ల మీద కూచుని,
గీత ఒకటేనా, రెండయిందా అని
వేలితో తడిమేవారట.
జార్ ఉండగానే పతకం గెలిచాడు.
పతకం మీద పేరు మాత్రం ఆయనది కాదు.
తండ్రికి తెలిస్తే కాళ్లు విరగ్గొడతాడని
జ్వరంతో పోయిన పక్కింటి కుర్రాడి పేరు చెప్పాడట.

ఇంజను ఆపేశాను.
నా పాస్‌పోర్టులో పేరు రెడ్డవేని మల్లేశం.
మల్లేశాన్ని నేనెప్పుడూ చూడలేదు.
జగిత్యాల ఏజెంటుకి తెలుసు.
ఎక్కడున్నా బాగుండాలి.

తర్వాత యుద్ధం.
ఊరంతా ఆకలితో మూతపడ్డ చలికాలం
ప్లాటన్ తన స్కేట్లని ఒక తలుపుచెక్క కింద
మేకులతో దిగ్గొట్టి,
నదిలో తవ్విన గుంట నుంచి నీళ్లు లాక్కొచ్చాడట.
నీళ్లొక్కటే కాదు, అంది జినైదా,
రెండు చేతులూ చాచి పొడవు చూపించి.
నేను అడగలేదు.
ఆ చలికాలమంతా ఆయన గీసింది
రెండేసి తిన్నని గీతలు. అంతే.

అందులో ఒక స్కేటు ఆమె సంచిలో ఉంది, గుడ్డలో చుట్టి.
మేకుల తూట్లలోంచి నేను లైటు చూశాను.

నిన్న రసీదు వెనక్కి తిప్పి, నా ముందుకు తోసింది.
పేరు రాయి. పాస్‌పోర్టుది కాదు.
రాశాను. చాలా రోజులకి, చెయ్యి వణికింది.
ఆ పేరు ఇక్కడ చెప్పను,
దానికి వీసా లేదు.

ఆమె ఆ కాగితాన్ని దేవుడి పటంలా దూరం పెట్టి చూసి
మంచు మీద ఎత్తుకుంది.
మొదటి అక్షరం నాకంటే బాగా కుదిరింది, నిజం చెప్పాలి.
రెండోదానికి ఒత్తు మరిచింది.
చివరి దీర్ఘం దగ్గర జారి కూలబడి
గట్టిగా నవ్వింది.
ఇరవై అడుగుల పొడవున నా పేరు,
ఒక బోర్డుకి సరిపడా.

ఒంటిగంటకల్లా రింకు నున్నగా ఉండాలి.
కెమెరా ఉంది. సూపర్‌వైజర్ ఉన్నాడు.
చుట్టూ మూడుసార్లు తిరిగాను, పేరుని తప్పిస్తూ.
నాలుగోసారి ఫోన్ మోగింది.

గీకిన మంచుపొడి వెనక తొట్టిలో పడుతుంది.
దాన్ని మాల్ వెనక పారబోయాలి.
అర్ధరాత్రి దాటినా అక్కడ నేల పెనంలా ఉంటుంది.
తెల్లటి కుప్ప పొగలు కక్కింది.
ఏది ఒత్తో, ఏది దీర్ఘమో.

రెండు పిల్లులు వచ్చి
నా పేరుని నాకాయి.